ఆక్సిజన్ మేడమ్

పూర్ణా మార్కెట్ పక్కసందులో తాళాలు బాగుచేసే సాయిబు గారి కొట్టు ముందు బండి ఆపానో లేదో, ఆయన చేతిలోని ఆకురాయి కింద పెట్టి, "మేడమ్ పోయారంట, తెల్సిందా మీకు?" అన్నారు.

ఏ మేడమ్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ తెలిసిన మేడమ్ ఒక్కరే. జబ్బు తిరగబెట్టిందట. ఈసారి ఎముకల్లోకి పాకిందట. ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి ఎవరో వచ్చి చెప్పిందట. సాయిబు గారు ఆకురాయి మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆఖరి దాకా నర్సులకి క్లాసు చెప్తానే ఉన్నారంట," అన్నారు. ఇద్దరం నవ్వేశాం.

చావు కబురు విని నవ్వడం తప్పే కావచ్చు. కానీ ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా వచ్చేది ఏడుపు కాదు. ఒంట్లో ఎక్కడో చురుకు పుడుతుంది. ఎవరో తలుపు తోసుకుని వచ్చి, "ఏమండీ, మీకీ సంగతి తెలుసా?" అని ఎదురుగా కూచున్నట్టు ఉంటుంది. ఆమె ఏ మాటైనా అలాగే మొదలుపెట్టేవారు. కాఫీ చల్లారిందన్నా అంతే, కణంలో పేలుడు జరిగిందన్నా అంతే.

మాది ఫిషింగ్ హార్బర్. చేపల పాట పాడడం నా వృత్తి. పాట అంటే రాగం తీసేది కాదు, వేలంపాట. బోట్లు ఒడ్డుకు రాగానే కుప్పలు పోసిన చేపల ముందు నిలబడి ధర ఎత్తుకోవాలి. కొనేవాళ్ళలో వేడి చల్లారకముందే ఒక్క ఊపున పైకి లాక్కుపోవాలి. ఇంజన్ల మోతలో, ఐసు కొట్టే చప్పుడులో, కాకుల గోలలో నా గొంతు ఆ చివరి దాకా వినబడాలి. అలాంటి గొంతు ఒక వేసవిలో బొంగురుపోయింది. జలుబు అనుకున్నాను, మిరియాల పాలు తాగాను, తగ్గలేదు. డాక్టరు గొట్టం పెట్టి చూసి స్వరపేటిక మీద పుండు ఉందన్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపితే కేన్సర్ అని వచ్చింది. తొలి దశలోనే దొరికింది కాబట్టి రేడియేషన్‌తో పోవచ్చన్నాడు. పోకపోతే స్వరపేటిక తీసెయ్యాలన్నాడు. ఆ పూటే సిగరెట్టు మానేశాను. మాట కూడా దాదాపు మానేసినట్టే అయింది.

రేడియేషన్ యంత్రం ఆసుపత్రిలో నేలకింది అంతస్తులో ఉండేది. బయట నడవలో ప్లాస్టిక్ కుర్చీల వరస. వారానికి అయిదు రోజులూ అదే వరస, అవే ముఖాలు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మొదటి రోజు నేనూ నా భార్యా గోడకేసి చూస్తూ కూచున్నాం. యంత్రం గది బరువైన తలుపు తెరుచుకుని ఒకావిడ బయటికి వచ్చారు. యాభై దాటిన మనిషి. తలకు చున్నీ చుట్టుకున్నారు, జుట్టు అప్పటికే మందులకి రాలిపోయినట్టుంది. ముఖం మాత్రం కొత్త సినిమా మొదటి ఆట చూసి బయటికి వచ్చిన మనిషి ముఖంలా వెలిగిపోతోంది. నేరుగా వచ్చి మా ఆవిడ పక్కన కూచున్నారు.

"ఏమండీ, మీకీ సంగతి తెలుసా? ఆ గదిలో ఏం చేస్తారో మీకెవరైనా చెప్పారా?"

"కరెంటు పెడతారని సెప్పినారండి," అంది మా ఆవిడ భయంగా.

"కరెంటు కాదమ్మా. కరెంటు పెడితే నేనే పారిపోదును," అని ఆమె నవ్వారు. "మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కదా. ఆ కిరణం ఎక్కువగా కొట్టేది ఆ నీళ్ళనే. నీటి అణువు చీలిపోతుంది. చీలిన ముక్కలో ఆక్సిజన్ ఉంటుంది, దానికి ఒక ఎలక్ట్రాన్ జత తప్పిపోతుంది. జత లేకుండా అది క్షణం నిలవలేదు. పక్కన ఎవరుంటే వాళ్ళ దగ్గర లాక్కుంటుంది. పక్కన డి.ఎన్.ఏ. ఉంటే దాన్నే చీల్చి లాక్కుంటుంది. మీరు రెప్ప వేసేలోపు అలాంటివి ఎన్నో తరాలు పుట్టి, కొట్టి, పోతాయి. ఆక్సిజన్ చేసే ఈ పనిని అందరూ తుప్పు పట్టడంతో పోలుస్తారు. తుప్పుకి ఓపిక ఎక్కువ. దీనికి అసలు లేదు."

అప్పుడు తెలిసింది, ఆమె గాజువాకలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్ అని. భర్త స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరిదీ గోదావరి జిల్లా. రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషన్ అయి, మందులెక్కించడం అయి, ఇప్పుడు రేడియేషన్‌కి వచ్చారు.

"ఎన్నో ఏళ్ళు ఈ పాఠం బోర్డు మీద గీశానమ్మా. ఒక ఓ, ఒక హెచ్, పక్కన ఆ జత తప్పిన ఎలక్ట్రాన్‌కి గుర్తుగా ఒక చుక్క. ఆ చుక్కని ఎవరూ కంటితో చూడలేదు, నేనూ చూడలేదు. ఇవాళ అది నా లోపల తిరుగుతుంటే బల్లమీద కళ్ళు మూసుకుని పడుకున్నాను. ఇన్నాళ్ళూ నేను పాఠం చెప్పాను. ఇప్పుడు పాఠం జరిగేచోటికి వెళ్ళొచ్చాను."

అదంతా నాకు అర్థమైందని చెప్పను. కానీ ఆ మనిషి చెప్పే తీరు చూసి, నా పేరు పిలవగానే లేచి లోపలికి నడిచాను. ముఖానికి ప్లాస్టిక్ తొడుగు బిగించి పడుకోబెట్టారు. యంత్రం జుమ్మని తిరుగుతుంటే, లోపల నీళ్ళు చీలుతున్నాయి కాబోలు అనుకున్నాను. భయపడాల్సిన సమయమంతా కుతూహలానికే సరిపోయింది.

నేను ఏం పని చేస్తానో తెలిసిన రోజు ఆమె సంబరం చూడాలి. "అయితే తాళ్ళ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. డి.ఎన్.ఏ. అంటే రెండు పురులు పేనిన తాడు అనుకోండి. ఒక పురి తెగితే ఏమవుతుంది?"

నాకు గుసగుస తప్ప గొంతు లేదు. "ఏటీ అవదు మేడమ్. రెండోది ఆపుతాది. తీరిగ్గా కలిపీసుకోవచ్చు."

"రెండూ ఒక్కచోటే తెగితే?"

"బోటు కొట్టుకుపోద్ది."

"అవతలి పక్షం, అంటే కేన్సర్ కణం బోటు అలా కొట్టుకుపోవాలనే ఇదంతా."

నేను ఊరుకోలేదు. "రెండూ తెగినా మావోళ్ళు కలుపుతారండి. పురులు విప్పి, ఒకదాన్లోకొకటి దూర్చీసి."

ఆమె కుర్చీలోంచి సగం లేచారు. "కలిపినచోట తాడు మునుపటిలాగే ఉంటుందా?"

"ఉండదండి. లావుగుంటాది. కప్పీలోకి ఎల్లినప్పుడు ఇరుక్కుంటాది."

"అచ్చం అంతేనండీ. డి.ఎన్.ఏ.కీ అతుకులు వేసేవాళ్ళున్నారు, వాళ్ళు వేసిన అతుకూ ఒక్కోసారి ఇరుక్కుంటుంది. మంచి కణాల్లో ఆ మరమ్మతు వాళ్ళు ఓపిగ్గా పనిచేస్తారు. కేన్సర్ కణానికి పెరగాలన్న తొందరే గానీ మరమ్మతు మీద శ్రద్ధ తక్కువ. అందుకే ఒక్కసారే కొట్టకుండా రోజూ కొంచెం కొంచెం కొడతారు. రేపటికి మనవాళ్ళు సర్దుకుంటారు, వాళ్ళు సర్దుకోలేరు." తర్వాత ఆ కప్పీ సంగతి వరసలో ప్రతివాళ్ళకీ చెప్పారు. చెప్పినప్పుడల్లా నావైపు చెయ్యి చూపించి, "ఈయన చెప్పారు," అనేవారు.

రోజూ ఆ గదిలోంచి బయటికి రాగానే గడియారం చూసి, "కిరణాల పని అయిపోయింది, ఇంక మన మరమ్మతు వాళ్ళు షిఫ్టు ఎక్కుతారు," అనేవారు. ఇంటికి వెళ్ళి తిని పడుకోవడం కూడా ఆమె లెక్కలో డ్యూటీయే. వరసలో ఎవరైనా అన్నం సయించలేదంటే, "పనివాళ్ళకి భోజనం పెట్టరా?" అని మందలించేవారు.

ఒకరోజు మా ఆవిడ మనసులో మాట అడిగేసింది. "అన్నీ సెప్తన్నారు గదా మేడమ్. మరి ఈ మాయదారి రోగం ఈయనకెలగొచ్చినాదండి?"

మేడమ్ ఈసారి నవ్వలేదు. "పొగ లోపలికి వెళ్ళినప్పుడు కూడా అలాంటి జత తప్పిన ఆక్సిజన్లే పుడతాయమ్మా. మామూలు ఊపిరికి కూడా కొన్ని పుడతాయి, నీకూ నాకూ పుడతాయి. డి.ఎన్.ఏ.లో నాలుగు అక్షరాలుంటాయి. అందులో జి అనే అక్షరానికి ఆక్సిజన్ అంటుకుంటే దాని రూపు మారుతుంది. దానికి ఎదురుగా సి రావాలి, ఎ వచ్చి కూచుంటుంది. చాలావరకు మరమ్మతు వాళ్ళు పట్టుకుంటారు. పట్టుకోలేనివి కొన్ని మిగిలిపోతాయి. అలాంటి తప్పులు ఏళ్ళ తరబడి పోగుపడితే ఒకనాటికి ఇలా వస్తుంది. పెట్టిందీ ఆ ఆక్సిజనే, ఇప్పుడు తీస్తున్నదీ ఆ ఆక్సిజనే. నాకు మాత్రం పొగా లేదు, ఏమీ లేదు. ఎక్కడ ఏ అక్షరం జారిందో తెలీదు. తెలిస్తే ఎంత బాగుండునో."

వరసలో ఆమెకు ఆక్సిజన్ మేడమ్ అని పేరు పెట్టింది మా బావమరిది. వాడిది గాజువాక. షేర్ ఆటో తోలతాడు. ఆమె ఇల్లు వాడి దారిలోనే కాబట్టి రోజూ ఆమెను ఎక్కించుకుని, మేము వెళ్ళే ఆసుపత్రికే తెచ్చేవాడు. వెనక్కి కూడా వాడే తీసుకెళ్ళేవాడు. దారి పొడుగునా ఆమె వాడికి పాఠం చెప్పేవారు.

తాళాల సాయిబు గారు కూడా మా వరసలోవారే, ఆయనకి నాలుక పక్కన కేన్సర్ పుండు. ఆయన బీడీ మానలేదు. వంతు అవగానే మెట్లెక్కి గేటు బయట ఒకటి వెలిగించేవారు. మేడమ్ ఒకరోజు వెనకాలే వెళ్ళి పట్టుకున్నారు. మేమూ అక్కడే ఉన్నాం.

"ఒక్కటే మేడమ్. నాష్తా తర్వాత ఒక్కటే," అన్నారు సాయిబు గారు.

ఆమె మా బావమరిది ఆటో చూపించారు. "తమ్ముడూ, నీ బండిలో సీట్లన్నీ నిండాక ఎవరైనా చెయ్యెత్తితే ఆపుతావా?"

"ఎక్కడ కూసోబెడతానండి? ఎల్లిపోతాను."

"సాయిబు గారూ, రక్తంలో ఎర్రకణాలు షేర్ ఆటోలు. ఆక్సిజన్ ఎక్కాల్సిన సీటులో మీ బీడీ పొగ ఎక్కి కూచుంటుంది. ఒక పట్టాన దిగదు. కిరణం వచ్చి అవతలి తాడుని తెంపినప్పుడు ఆ తెగినచోట ఆక్సిజన్ అంటుకుంటేనే అతుకు పడకుండా ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ లేకపోతే తెగింది మళ్ళీ అతుక్కుపోతుంది. మీరు అంత కష్టపడి బల్లమీద పడుకుంటున్నారు, అది వృథా చేసుకుంటారా?"

సాయిబు గారు బీడీ వంక చూశారు, ఆటో వంక చూశారు. "నా బండిలో నేనే దొంగ పాసింజర్ని ఎక్కించానా?" అని బీడీ కింద పడేసి చెప్పుతో నలిపారు. మళ్ళీ వెలిగించడం మేమెవరం చూడలేదు.

ఆమె ఎప్పుడూ ఒకేలా ఉండేవారని అనుకుంటే పొరపాటు. ఒకరోజు యంత్రం చెడిపోయింది. అందరినీ ఇళ్ళకు పొమ్మన్నారు. వరస ఖాళీ అయింది గానీ ఆమె లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ మూసిన తలుపు వైపే చూస్తున్నారు. మా ఆవిడ వెళ్ళి పక్కన కూచుంది. అప్పుడు ఆమె అన్నారు: "నాకూ భయమేనమ్మా. మాట్లాడుతుంటే భయం పక్కన కూచుంటుంది. ఊరుకుంటే ఎదురుగా వచ్చి కూచుంటుంది." మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ అలా ఎవరి చెయ్యీ పట్టుకోగా నేను అంతకుముందు చూడలేదు.

సగం దాటాక నా పరిస్థితి దిగజారింది. మెడ చర్మం నల్లగా కమిలింది. గుక్కెడు నీళ్ళు మింగాలంటే కళ్ళ నీళ్ళు తిరిగేవి. మిగిలిన ఆ కాస్త గుసగుస కూడా పోయింది. గొంతు పోకుండా ఉండడానికని వస్తే, గొంతే పోయిందే అనుకున్నాను. అప్పుడు మా బావమరిది ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. వాడు ఆటో తోలుతూనే ఏదో కంపెనీ సీసాలు తెలిసినవాళ్ళకి అమ్ముతుండేవాడు. ఊదారంగు రసం. "ఇది యాంటీ ఆక్సిడెంట్ బావ. మామూలోళ్ళకి దొరకదు. కణాలు కాలిపోకుండా సేత్తది. నీ దగ్గర డబ్బులొద్దు, తాగీ," అన్నాడు. తాగాను. నాలుగు రోజులకి నిజంగానే మంట కొంచెం తగ్గినట్టు అనిపించింది. మా ఆవిడ దేవుడికి దండం పెట్టుకుని, సీసా సంచిలో వేసుకుని ఆసుపత్రికి కూడా తెచ్చింది.

మేడమ్ ఆ సీసా చూశారు. చేతిలోకి తీసుకుని దానిమీద రాసిందంతా చదివారు. అంతసేపు ఆమె మాట్లాడకుండా ఉండడం నాకు కొత్త.

"తమ్ముడూ, ఇది నువ్వు తెచ్చిందా?"

"అవునండి. మీకూ ఒకటి ఇద్దామనుకున్నాను. మీరు సెప్పీ ఆ జత తప్పిన ఆక్సిజన్‌ని పట్టీసుకుంటదంటండి ఇది."

"పట్టుకుంటుంది. నువ్వు పాఠం బాగానే విన్నావు. అయితే ఒక్కటి ఆలోచించు. ఆ ఆక్సిజన్‌తోనే కదా మనం అవతలివాణ్ణి కొట్టిస్తున్నాం? దీనికి మంచి కణమేదో, కేన్సర్ కణమేదో ఎలా తెలుస్తుంది?"

వాడి ముఖం మాడిపోయింది. "మంట తగ్గినాది మేడమ్. బావే సైగ సేసి సెప్పినాడు. ఆడు నీళ్ళు కూడా తాగలేకపోనాడు. నాను సూడలేక తెచ్చినాను. నాను ఆడికి కీడు సేస్తానేటి?"

"చెయ్యవు నాయనా. ప్రాణం పెట్టే తెచ్చావు. ఇది కచ్చితంగా చెడుపు చేస్తుందని కూడా నేను అనలేను, అంత ఖాయంగా తేలిన సంగతి కాదు. కానీ ఆయన మంట తగ్గిందంటే, అవతల దానికి కూడా మంట తగ్గుతోందేమో. అది డాక్టర్ గారిని అడక్కుండా మనం మోయగలిగిన బరువు కాదు."

నలుగురం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చిన్నవాడు. సీసా చూసి, రేడియేషన్ అయ్యేదాకా ఇలాంటి గాఢమైనవి వద్దన్నాడు. పళ్ళూ కూరలూ మామూలుగా తినొచ్చన్నాడు. మంటకి వేరే మందు రాశాడు. "ఇన్ని రోజులు తాగింది మాటేమిటండి?" అని మా ఆవిడ అడిగితే, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు, ఇప్పుడు ఆపెయ్యండి అన్నాడు.

బయటికి వచ్చాక అందరూ నావంక చూశారు. ఆపితే మంట మళ్ళీ వస్తుందని నాకు తెలుసు. సంచిలోంచి సీసా తీసి బావమరిది చేతిలో పెట్టి, వాడి గుప్పిట నేనే మూశాను. పాటలో మాకు అదే గుర్తు. గుప్పిట మూస్తే బేరం ముగిసినట్టు. వాడు తల వంచుకుని ఏడ్చాడు. మేడమ్ వాడి భుజం మీద తట్టి, "పద తమ్ముడూ, ఇవాళ ముందు సీటులో కూచుంటాను. ఇంకా చాలా చెప్పాలి నీకు," అన్నారు. వాడు ఆ పెట్టెలన్నీ తిరిగి ఇచ్చేశాడు. ఆ వ్యాపారం మళ్ళీ ముట్టుకోలేదు.

మంట మళ్ళీ వచ్చింది. డాక్టరు రాసిన మందుతో కొంత, ఓర్చుకుని కొంత, మిగిలిన రోజులు గడిచాయి. నొప్పి ఎక్కువైన రోజున మేడమ్ నా ముఖం చూసి, "ఇవాళ లోపల గట్టిగా పోట్లాడుతున్నట్టున్నారే," అనేవారు. ఆమె వంతులు నాకంటే ముందే అయిపోయాయి. అయిపోయినా రెండు మూడుసార్లు వచ్చి వరసలో కూచుని, కొత్తగా వచ్చినవాళ్ళకి నీళ్ళు చీలే సంగతి చెప్పి వెళ్ళారు.

నెలలు గడిచాయి. డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టి చూసి పుండు లేదన్నాడు, మాట్లాడమన్నాడు. గొంతు వచ్చింది, గరగరగా, మబ్బు పట్టినట్టుగా. ఇంట్లో మాట్లాడేవాణ్ణి. హార్బర్‌లో మాత్రం పాట దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. తూకం చూసుకుంటూ పక్కన నిలబడేవాణ్ణి. పాట మా చిన్నాన్న కొడుకు పాడేవాడు. అందరిముందూ ఎత్తుకున్నాక మధ్యలో తెగిపోతే ఎలా అని నా భయం. బావమరిది ఈ సంగతి ఆమెకు చెప్పేశాడు.

ఒకరోజు తెల్లవారుతుండగా వాడి ఆటో హార్బర్ గేటులోకి వచ్చింది. మేడమ్ దిగారు. తలమీద చున్నీ లేదు, చిన్న చిన్న రింగుల జుట్టు వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేలమీది ఐసు నీళ్ళలో అడుగులు వేసుకుంటూ నేరుగా కొనేవాళ్ళ గుంపులోకి వచ్చి నిలబడ్డారు. అప్పుడే చందువా చేపలు ట్రేల్లో దించారు. మా చిన్నాన్న కొడుకు పాట ఎత్తుకోబోతుంటే ఆమె ఆపారు.

"నేను కొనడానికి వచ్చాను. ఈయన పాడితేనే కొంటాను," అని నన్ను చూపించారు.

చేపలమ్మే ఆడవాళ్ళకి ఇదంతా వేడుకగా ఉంది. ఒకామె అందుకుంది: "కొత్త బేరం ఒచ్చినాది బావ. పాడీ మరి."

ఎత్తుకున్నాను. మొదటి మాట గరగరమంది. రెండోది అడుగు దూరం కూడా పోలేదు. మేడమ్ చెయ్యెత్తి ధర పెంచారు. పక్కనున్న ఎగుమతి కంపెనీ మనిషి ఇంకొంచెం పెంచాడు. ఆమె దానిమీద పది రూపాయలు వేశారు. ఆయన వంద వేశాడు. ఆమె మళ్ళీ పది. పాటలో పది రూపాయలు పెంచేవాళ్ళని అక్కడ ఎవరూ చూసి ఉండరు. ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. కంపెనీ మనిషికి పౌరుషం వచ్చింది. నేను ఇద్దరి మధ్యా తలతిప్పుతూ ధర చెబుతూ పోతున్నాను. ఒకటోసారి అంటాను, ఆమె పది వేస్తారు. రెండోసారి అంటాను, మళ్ళీ పది. మూడోసారి అననివ్వరు. ఆమె చేపల కోసం పాడించడం లేదని, పాట ఆగకుండా చూస్తున్నారని నాకు అప్పటికి తట్టింది. ఆ తట్టిన క్షణాన గొంతులో ఏదో విడిపోయింది. ఒక అంకె గట్టిగా పోయింది. తర్వాతది ఇంకా గట్టిగా. అవతలి గట్టు మీద వల సర్దుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. ఐసు కొట్టేవాళ్ళు చెయ్యి ఆపారు. మా బావమరిది ఆటో మీద ఎక్కి నిలబడి ఈల వేశాడు.

కంపెనీ మనిషి చివరికి దండం పెట్టి తప్పుకున్నాడు. మూడోసారి అని గుప్పిట మూశాను. చందువాల ట్రే ఎత్తి ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు. ఆమె దానివంక కొత్తగా చూస్తూ నిలబడ్డారు.

బావమరిది దిగి వచ్చి చిన్నగా అడిగాడు. "మేడమ్, మీ ఇంట్లో సేపలు వండరు గదండి. ఇయ్యన్నీ ఏటి సేస్తారు?"

"ఏమో తమ్ముడూ, ఎవరికైనా పంచేద్దాం," అన్నారామె. ఆ కళ్ళు నావైపు తిరిగాయి. "ఏమండీ, ఇంకో ట్రే పెట్టించండి."